కంప్యూటర్లో మా చిన్నమ్మ మీద రాసిన మాట

ఆ మనిషిని నేను క్షమించలేదు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "క్షమించానని చెప్పమ్మా" అని అడిగితే గట్టిగా ఆమెన్ అన్నాను. ఆయన టీ తాగి సంతోషంగా వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూనే నేను మళ్ళీ మొదటి నుంచి తిట్టుకోవడం మొదలుపెట్టాను.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక చర్చి పెద్దలు నడిపే చిన్న దవాఖానాలో నేను ఆయాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ముగ్గుల్లా కనిపిస్తాయి. కానీ ఒకసారి విన్నది నా దగ్గర నుంచి పోదు. ఎవరి పిల్లకి ఏ సూది తప్పిందో, ఎవరి మామగారికి చక్కెర ఏ చలికాలంలో బయటపడిందో, గుమ్మంలో మనిషి కనపడగానే నోటికి వచ్చేసేది. పాత డాక్టరుగారు తల ఎత్తకుండానే, "ఆయమ్మా, ఈవిడ సంగతి?" అనేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన అట్ట కార్డు తీసి చూసి "ఊఁ, అంతే" అనేవారు. ఆ "అంతే" కోసం నేను ముప్పై ఏళ్ళు నేల తుడిచాను.

దవాఖానాకి వచ్చేవాళ్ళలో సగం మంది మాలాంటివాళ్ళే, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబాలు. మాలో చాలామందికి రెండు పేర్లు. బాప్తిస్మంలో పెట్టింది ఒకటి, బడి సర్టిఫికెట్టులోనూ రేషన్ కార్డులోనూ ఉన్నది ఇంకొకటి. ఎందుకో మాకు తెలుసు, విడమరచి చెప్పుకోం. దవాఖానా చర్చిది కాబట్టి పాత అట్ట కార్డులన్నీ బాప్తిస్మం పేర్ల మీదే ఉండేవి. ఏ పేరు ఏ మనిషిదో నాకు కంఠతా వచ్చు.

పాత డాక్టరుగారు రిటైరైన ఏడాది కంప్యూటర్ వచ్చింది. మెట్టుగూడ, బోయిన్‌పల్లి, బొల్లారం, మూడు చోట్లా చర్చివాళ్ళకి దవాఖానాలున్నాయి. మూడింటినీ కలుపుతారట, మనిషి ఎక్కడికి వెళ్ళినా వాళ్ళ జబ్బుల చరిత్రంతా తెర మీద కనిపిస్తుందట. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమే వేసింది. నేను పోయాక ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు అని దిగులుండేది. ఇదిగో, ఒకటి వచ్చింది కదా అనుకున్నాను. దానికి రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచేదాన్ని.

దానితోపాటు ఆపరేటరు వచ్చాడు. బోయిన్‌పల్లి మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు, మడత నలగని చొక్కా. మొదట్లో బాగానే ఉండేవాడు. "ఆయమ్మా, గీమె కార్డు ఏ పేరు మీదున్నది? జెర చెప్పరాదు" అనేవాడు. నేను చెప్తే వెతికి, కార్డులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. నేను తెచ్చిన ఎండు రొయ్యల వేపుడు నా డబ్బాలోంచి సగం తినేవాడు. ఆ రొయ్యలు తలుచుకుంటే నాకిప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది.

తరవాత పైనుంచి తొందర మొదలైంది. నెల తిరిగేలోగా అందరి పేర్లూ ఎక్కాలన్నారు. ఒకరోజు నేను ఒక ముసలావిడ రెండో పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇగ గిదంత వద్దు ఆయమ్మా. రేషన్ కార్డుల ఏ పేరుంటే గదే. ఒక మనిషికి ఒకటే పేరు. మీ రెండు పేర్లతోని నాకు పరేషాన్ అయితున్నది."

"మరి పాత కార్డులో ఉన్న సంగతులో?"

"మనిషి ఎదురుంగనే ఉంటది కదా. అడిగి రాస్తా."

అలా జత కుదరని కార్డులన్నీ గోనె సంచుల్లోకెక్కి వెనక గదిలో పడ్డాయి. డాక్టరు గుమ్మం దగ్గర నా స్టూలు తీసేశారు. నా చేతికి ఫారాల కట్ట ఇచ్చి, ఇంటింటికీ తిరిగి రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకురమ్మన్నారు.

అలా తిరుగుతున్న రోజునే మా చిన్నమ్మ దవాఖానాకి వెళ్ళింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నా ఏడో ఏట అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. జీవితమంతా మిషన్ బడి హాస్టల్లో వంట చేసింది. సామాను గది తాళాలు ఆవిడ నడుముకే ఉండేవి. పంచదార కొలిచి ఇచ్చాక వేలికి అంటిన పలుకులు కూడా డబ్బాలోకే దులిపే మనిషి. మందుల్లో ఆవిడకి సల్ఫా మాత్ర పడదు. ఒకసారి వేసుకుంటే నోరంతా పొక్కి ఒళ్ళంతా దద్దుర్లెక్కాయి. పాత డాక్టరుగారు కార్డు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టారు. ఆయన కొట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఆ రోజు ఏం జరిగిందో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు నలుగురు నాకు చెప్పారు. నలుగురూ ఒక్కలాగే చెప్పారు. మూత్రంలో మంటని వెళ్ళింది చిన్నమ్మ. రేషన్ కార్డు ఇచ్చి, "బాబూ, నా పాత కార్డు చర్చి పేరు మీదుంది. అందులో ఎర్ర సిరాతో రాసుంది, చూసి ఎక్కించు" అంది. ఆపరేటరు తెర మీంచి కళ్ళు తియ్యలేదు. "ఒక్క పేరు చాలమ్మా, జరుగు జరుగు, లైను పెద్దగున్నది" అన్నాడు. పడని మందులు రాసే గడిలో 'ఏమీ లేవు' అని కొట్టాడు. లోపల జరిగింది తరవాత చిన్నమ్మే చెప్పింది. కొత్త డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిదే. "ఏ మందైనా పడదా అమ్మా?" అని అడిగింది. "అదంతా బయట చెప్పాను తల్లీ, మీ డబ్బాలోకి ఎక్కించాడు" అంది చిన్నమ్మ. డాక్టరమ్మ తెర చూసింది. ఏమీ లేవు. సల్ఫా మాత్రలే రాసింది.

మూడో రోజుకి జ్వరం, పెదాలు పగిలి నెత్తురు. అయిదో రోజుకి వీపు మీద చర్మం పక్క దుప్పటికి అంటుకుని వచ్చింది. పెద్దాసుపత్రిలో నెల రోజులు ఉంచారు. అరిటాకుల మీద పడుకోబెట్టి, కళ్ళలో గంటకోసారి చుక్కలు వేసేదాన్ని. ప్రాణం దక్కింది. కుడి కన్ను దక్కలేదు.

ఇంటికి తెచ్చాక, పెద్దాసుపత్రి కాగితాలు చూపించడానికి దవాఖానాకి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నమ్మ పేరు తెరిచింది. తెర చదువుతూ ఆగిపోయింది. మొహం తెల్లబోయింది.

"ఏముందమ్మా?" అన్నాను.

చెప్పనంది. చెప్పేదాకా కదలనన్నాను. అప్పుడు ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది: "మందు పడదన్న సంగతి రోగి దాచిపెట్టింది. అడిగినా చెప్పలేదు." రాసింది ఆపరేటరు. చిన్నమ్మ పెద్దాసుపత్రిలో చేరిన మర్నాడు.

చిన్నమ్మ మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఏడవలేదు, కన్ను పోయిందన్నప్పుడూ ఏడవలేదు. అప్పుడు మాత్రం గడ్డం వణికింది.

"దాచానా? నేనా? ఒసేయ్, నేను దాచానని రాశాడంటే!"

ఇంటికొచ్చినా అదే మాట. అన్నం కలిపి పెడితే, "దాచినదానికి అన్నం ఎందుకే" అనేది. నేను ఆపరేటరు దగ్గరికి వెళ్ళి మర్యాదగానే అడిగాను, ఆ మాట తీసెయ్యమని. కుర్చీలో వెనక్కి వాలాడు.

"తియ్యనీకి రాదు ఆయమ్మా. ఒకపారి ఎక్కిందంటే ఎక్కినట్టే. కింద ఇంకోటి రాయొచ్చు గని, మీదిది పోదు. సిస్టమే గట్లుంటది."

"అయితే కింద రాయి. అబద్ధం రాశానని రాయి."

నవ్వాడు. "నా నౌకరి పోగొడ్తవా ఏంది? చదువు రానోళ్ళకు గివన్ని సమజ్ కావులే, పో. నీ పని చూస్కో."

సరే, నా పని నేను చూసుకున్నాను.

ఆ రోజు నుంచి అతనికి ఒక్క పేరు చెప్పలేదు. పైకి ఎంత ఎగిరినా లోపల్లోపల నన్ను అడుగుతూనే ఉండేవాడు కదా, ఈవిడ ఎవరి కోడలు, ఆయన పాత కార్డేది, ఈ ఇద్దరూ ఒకరా వేరా అని. ఇప్పుడు అడిగితే, "నాకు చదువు రాదయ్యా, నీ కంప్యూటర్ని అడుగు" అని చీపురందుకునేదాన్ని. గల్లీలోనూ చెప్పాను. ఆడవాళ్ళు నా కంటే ఘనులు. ఒక్కొక్కతీ వచ్చి ఒకరోజు ఈ పేరు, ఒకరోజు ఆ పేరు చెప్పింది. ఒకే మనిషి రెండుసార్లు, మూడుసార్లు ఎక్కింది. ఒక పెద్దాయన బీపీ ఒక పేరు మీద, చక్కెర ఇంకో పేరు మీద. అతను తల పట్టుకుని కూర్చుంటే నేను ఆ బల్ల కిందే రెండుసార్లు తుడిచాను, చూడ్డానికి.

ఒక్కటి మాత్రం చేశాను. మందులు పడనివాళ్ళు పదిహేడు మంది. వాళ్ళలో ఎవరొచ్చినా వెనక తలుపు నుంచి వెళ్ళి డాక్టరమ్మ చెవిలో చెప్పేదాన్ని. నా పగ అతని మీద, వాళ్ళ ఒంటి మీద కాదు.

మధ్యాహ్నాలు వెనక గదిలో సంచులు ఒక్కొక్కటే విప్పాను. ఇంగ్లీషు చదవలేను, కానీ పాత డాక్టరుగారి రెండు ఎర్ర గీతలు నాకు తెలుసు. నాలుగో సంచిలో దొరికింది. జాకెట్లో పెట్టుకుని తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ వేలితో తడిమి చూసి, "దీన్ని ఇప్పుడే చూపించకు. వాణ్ణి ఇంకా ఉడకనీ" అంది.

ఉడికాడు. లెక్కలు చూడటానికి పైవాళ్ళు వచ్చే రోజు దగ్గరపడింది. వాళ్ళకి కనిపించేది ఒక బస్తీ అయితే, కంప్యూటర్లో రెండు బస్తీల జనం ఉన్నారు. డాక్టరమ్మ, "ఇదంతా విడదీయగలిగింది ఆయమ్మ ఒక్కతే, వెళ్ళి అడుక్కో" అందట.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు, చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో. కూర్చోమనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వకపోవడం నా జన్మలో అదొక్కసారే. అప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్తే మీరు నన్ను చెడ్డదాన్నంటారు.

"అమ్మా, నా వల్ల తక్లీఫ్ అయ్యింది," అన్నాడు చిన్నమ్మ వైపు తిరిగి.

"ఎవరికి తక్లీఫు? దాచిపెట్టినదానికా?" అంది చిన్నమ్మ.

నేను కార్డు చూపించాను. ఎర్ర గీతలు చూసి అతను పళ్ళ సంచి గడప మీద పెట్టేశాడు.

"రేపు పొద్దున పదింటికి," అన్నాను. "లైను నిండుగా ఉన్నప్పుడు. నువ్వే కొట్టాలి, నీ పేరు మీదే కొట్టాలి. డాక్టరమ్మ గట్టిగా చదవాలి. ఆ తరవాత పేర్లన్నీ చెప్తాను."

"గంత మంది ముంగటనా?"

"జరుగు జరుగు అన్నప్పుడు ఎంతమంది ఉన్నారు?"

పదింటికి చిన్నమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఆవిడ కుర్చీని కంప్యూటర్ పక్కనే వేయించాను. అతను కొడుతుంటే చొక్కా వీపు తడిసిపోయింది. డాక్టరమ్మ తెలుగులో చదివింది: "రోగి ఏమీ దాచలేదు. ముందే చెప్పింది. నేను రాయలేదు. పై మాట నేను రాసిన అబద్ధం." కింద అతని పేరు, రోజు, గంట.

"ఇంకోసారి చదువు తల్లీ," అంది చిన్నమ్మ. మూడుసార్లు చదివించింది.

మాటంటే మాట. వారం రోజులు అతని పక్కన నిలబడి పేర్లన్నీ జత చేయించాను, పదిహేడు మందివీ ఎర్రగా కనిపించేలా పెట్టించాను. నా అన్నం డబ్బా మాత్రం అతని ముందు విప్పలేదు. ఉద్యోగం పోలేదు అతనికి. అది నాకు ముల్లే. రెండు నెలలకి బొల్లారం దవాఖానాకి మార్చారు, అంతే. అందరూ అయిపోయిందనుకున్నారు.

చిన్నమ్మ అనుకోలేదు. "ఒసేయ్, మూడు దవాఖానాలూ కలిపారన్నావు కదా? అక్కడ కూడా నా సంగతి కనిపిస్తుందా?" అని అడిగింది.

"కనిపిస్తుంది."

"బీపీ మాత్రలు అయిపోయాయి. పద."

మెట్టుగూడ దవాఖానా మా ఇంటి నుంచి వంద అడుగులు. మేము సికింద్రాబాద్ స్టేషన్‌కి ఒక బస్సు, అక్కడి నుంచి బొల్లారానికి ఇంకో బస్సు ఎక్కి వెళ్ళాం. బందు లేని రోజు చూసుకుని మరీ వెళ్ళాం. అతను మమ్మల్ని చూసి సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. చిన్నమ్మ ఎదురుగా కూర్చుని పేరు చెప్పింది. తెరిచాడు.

"ఏం రాసుంది బాబూ? నాకు కన్ను సరిగ్గా కనపడదు, నువ్వే చదువు."

గొంతులోనే చదివాడు.

"చెవులు బాగానే ఉన్నాయి నాకు. గట్టిగా."

గట్టిగా, తెలుగులో చదివాడు. మా వెనక వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాచారు. చిన్నమ్మ తల ఊపి, మాత్రలు తీసుకుని, కొంగు సర్దుకుని లేచింది. బస్టాపులో బిస్కెట్లు కొనుక్కుని తిన్నాం. నెలల తరవాత ఆవిడ ఆకలిగా తినడం అప్పుడే చూశాను.

"మాత్రలు ఎన్నాళ్ళకి ఇచ్చాడే?" అంది, ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుంటూ.

"నెలకి."

"పదిహేను రోజులకే ఇవ్వమని అడగాల్సింది," అంది చిన్నమ్మ.