కీర్తన కూర్చోగలిగే బండి

పోయిన ఏడాది వానాకాలంలో ఒక సోమవారం ఉదయం మా పెద్దమ్మాయి కీర్తన బాత్‌రూమ్‌లోంచి పిలిచింది. "మమ్మీ, లేవలేకపోతున్నాను."

తొమ్మిదేళ్ళ పిల్ల. అంతకు పది రోజుల ముందే విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకుని చేయి పట్టుకుని లేపాను. నిలబడింది గానీ నా భుజం మాత్రం వదల్లేదు. పాదాల్లో చీమలు పాకుతున్నట్టుందని చెప్పింది.

మాది పెదపాడు దగ్గర కొల్లేటి వైపు ఊరు. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. మావారు ప్రసాద్‌గారు చేపల చెరువులు చూసుకుంటారు. కీర్తన తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు, ఆరేళ్ళ దీప్తి, మూడేళ్ళ జాయ్.

ఆ రోజు ఊళ్ళో డాక్టరుగారికి చూపిస్తే కాల్షియం రాశారు. మంగళవారం కీర్తన గోడలు పట్టుకుని నడిచింది. బుధవారం పొద్దున మంచం దిగబోయి కింద కూలబడింది. మా చిన్న కారులో ఏలూరు తీసుకెళ్ళాం.

అక్కడ పిల్లల డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. కాలు కదల్లేదు. రెండోది కొట్టారు. అదీ అంతే. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"రిఫ్లెక్సులు రావడం లేదండి. జీబీఎస్ అని అనుమానంగా ఉంది. గులియన్ బారే సిండ్రోమ్ అంటారు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి పొరపాటున నరాల మీద పడుతుంది."

"తగ్గుతుందా డాక్టరుగారూ?"

"చాలామందికి తగ్గుతుందమ్మా. కానీ ఇది కాళ్ళనుంచి పైకి వస్తుంది. ఊపిరి తీసే కండరాలదాకా వస్తే వెంటిలేటర్ కావాలి. పిల్లల ఐసీయూ ఉన్నచోటికి ఇవాళే వెళ్ళిపోండి, అంబులెన్స్ పిలిపిస్తాను."

తర్వాత కీర్తన వైపు తిరిగి, గట్టిగా గాలి పీల్చుకుని ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమన్నారు. ఇరవై ఒకటిదాకా చెప్పింది. "దారిలో ఇలాగే చెప్పిస్తూ ఉండండి. అంకె తగ్గుతూ ఉంటే అంబులెన్స్‌లో ఉన్న నర్సుకి చెప్పండి."

విజయవాడ దారిలో హనుమాన్ జంక్షన్ దగ్గర పదిహేడు అయింది. ఆస్పత్రి గేటు దాటేసరికి పన్నెండు. పిల్ల ఏడవడం లేదు, అదేదో పరీక్షలా శ్రద్ధగా చెబుతోంది. నేను ఆ అంకెలు విని తల ఊపుతూ "బాగా చెప్పావమ్మా" అంటున్నాను.

నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, నడుములోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు. అనుమానం నిజమైంది. ఐవీఐజీ అనే ఇంజెక్షన్ ఐదు రోజులు ఎక్కించాలన్నారు. అది మొదలైన మర్నాడే వెంటిలేటర్ పెట్టారు. తొమ్మిది రోజులు. ఐసీయూలోకి రోజుకి రెండుసార్లు పంపేవారు. కీర్తన మాట్లాడలేదు, వేలు కదపలేదు, కళ్ళు మాత్రం నా వెంట తిరిగేవి. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్ళు మూసేది. నొప్పిగా ఉందా అని అడిగితే ఒకసారి మూసింది. ఆ రోజు తర్వాత ఆ ప్రశ్న అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పదో రోజు ట్యూబు తీశారు. ఇంకో వారం వార్డులో ఉంచి ఇంటికి పంపారు. చక్రాల కుర్చీతో వచ్చాం. మెడ కొద్దిగా నిలుస్తోంది, చేతులు సగం లేస్తున్నాయి, కాళ్ళు ఇంకా లేవడం లేదు. ఫిజియోథెరపీ ఒక్క రోజు కూడా మానొద్దన్నారు. వారానికి మూడుసార్లు ఏలూరు.

మా చిన్న కారుతో కష్టం అక్కడ మొదలైంది. సీటు మరీ కిందికి ఉంటుంది, తలుపు ఇరుకు. కుర్చీ మడిచి వెనక సీట్లో పెడితే మిగతా పిల్లలకి చోటుండదు. ఇద్దర్నీ పక్కింట్లో వదిలి వెళ్ళేవాళ్ళం. కారు కదిలిన ప్రతిసారీ దీప్తి గేటు పట్టుకుని, "అక్క మళ్ళీ అక్కడే ఉండిపోతుందా?" అని అరిచేది. మొదటిసారి అలా వెళ్ళే కదా అక్క మూడు వారాలు రాలేదు!

రెండో వారంలో ఒక రోజు నేను చంకల కింద చేతులు వేసి కీర్తనని కారులోంచి లాగుతున్నాను, ఆయన కాళ్ళు పట్టుకున్నారు. భుజం దగ్గర ఏదో జారినట్టయింది. పిల్ల కెవ్వుమంది. ఫిజియోథెరపిస్టు పరుగున వచ్చి భుజం పట్టి చూసింది.

"అలా లాగకండి మేడమ్. కండరాల్లో పట్టు లేదు, కీలు జారుతుంది. కుర్చీ ఎత్తులోనే సీటు ఉండి, తలుపు వెడల్పుగా ఉన్న బండి చూసుకోండి. లేకపోతే మేం ఇక్కడ చేసేదంతా మీరు కారు దగ్గర పాడుచేస్తారు."

కటువుగానే అంది. నిజమే అంది.

బండి విషయంలో మా ఇద్దరికీ పడలేదు. ఆయన ఎత్తుగా ఉండే పెద్ద కారు కావాలన్నారు.

"వాన పడితే మన చెరువుగట్టు మీద తక్కువ ఎత్తు బండి వస్తుందా సునీతా?"

"ఏవండీ, ఆ ఎత్తుకి కీర్తనని రోజూ ఎవరు ఎక్కిస్తారండీ? మీరు చెరువు దగ్గరుంటే నేనొక్కదాన్నే కదా!"

ఇద్దరం చెప్పిందీ నిజమే. అందుకే ఎటూ తేలలేదు.

మావారి అక్కగారు తాడేపల్లిగూడెంలో ఉంటారు. వాడిన బండ్లు అమ్మే రాంబాబుగారు ఆవిడకి తెలుసు. ఒక శనివారం పిల్లల్ని ముగ్గుర్నీ, చక్రాల కుర్చీనీ మావారి స్నేహితుడి పెద్ద బండిలో ఎక్కించుకుని వెళ్ళాం. రాంబాబుగారు ముందు మావారు కోరుకున్న ఎత్తు బండి చూపించారు. మావారు కీర్తనని రెండు చేతుల మీద ఎత్తారు. సీటు ఆయన నడుము దగ్గరకి వస్తోంది. రెండుసార్లు చూసినా ఎక్కించలేకపోయారు. పిల్లని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి పక్కకి తిరిగి నిలబడ్డారు. ఆ బండి మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండోది ఏడు సీట్ల వ్యాన్. తలుపు పక్కకి జరుగుతుంది, బండి అడుగు నేలకి దగ్గరగా ఉంది. కుర్చీ దగ్గరగా పెట్టి కీర్తనని నిమిషంలో మధ్య సీట్లోకి జరిపాను. రాంబాబుగారు పక్క సీటు మడిచి దీప్తిని, జాయ్‌ని వెనక వరసలో ఎక్కించారు. నాకు ఆ వ్యాన్ అప్పుడే నచ్చేసింది.

"ఒకసారి తిరిగి చూద్దామండి," అని రాంబాబుగారు స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. మావారు ఆయన పక్కన, నేను కీర్తన పక్కన.

మార్కెట్ యార్డు వైపు వెళ్ళేసరికి కీర్తన తల పక్కకి ఒరిగింది. సీటు వెనకభాగం పొట్టిగా ఉంది, మెడ ఆనడం లేదు. చేత్తో పట్టుకున్నాను. "నీళ్ళు" అంది. ఆ గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంది. సీసా అందించాను. ఒక గుక్క తాగింది. ఆ నీళ్ళు ముక్కులోంచి బయటికి వచ్చాయి.

సీసా పక్కన పడేశాను. "కీర్తనా, గాలి పీల్చుకుని అంకెలు చెప్పమ్మా."

ముందురోజు ఇంటి దగ్గర ఇరవై మూడు చెప్పింది. ఇప్పుడు పదకొండు. మళ్ళీ చెప్పించాను. తొమ్మిది.

"ఏవండీ, తగ్గిపోతోందండీ!"

రాంబాబుగారు ఇంకేమీ అడగలేదు. "దగ్గర్లో ఆస్పత్రి ఉందమ్మా," అని వ్యాన్ తిప్పారు. రైస్‌మిల్లు ముందు బియ్యం లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి వస్తోంది. హారన్ మోగిస్తే డ్రైవరు చెయ్యి ఊపాడు, ఆగమని. మావారు దూకి లారీ ముందుకి పరుగెత్తారు. "పాపకి ఊపిరాడట్లేదండీ! దారివ్వండి!" లారీ ఆగింది, ఆయన మళ్ళీ ఎక్కారు. సందులోంచి అద్దం రాసుకుంటూ దాటాం. నేను కీర్తన గడ్డం పైకెత్తి పట్టుకుని ఉన్నాను. వెనక జాయ్ వాంతి చేసుకుంది. చెయ్యి అందదు, తిరిగి చూడలేను. "దీప్తీ, చెల్లిని పట్టుకో" అనడమే.

ఆస్పత్రి గుమ్మంలో స్ట్రెచర్ వచ్చింది. కీర్తనతో పాటు మేమిద్దరం లోపలికి పరుగెత్తాం.

క్యాజువాల్టీ డాక్టరు వేలికి క్లిప్పు పెట్టారు. "ఆక్సిజన్ శాచురేషన్ బాగానే ఉంది. కానీ దాన్ని నమ్ముకోకండి. జీబీఎస్‌లో అది ఆఖర్న పడుతుంది. విజయవాడలో మీ పాత ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నాను. మా నర్సు చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ పట్టుకుని అంబులెన్స్‌లో మీతో వస్తుంది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఇద్దరు పిల్లలు వ్యాన్‌లోనే ఉన్నారని. మధ్య సీటు మడిస్తేనే వెనకవాళ్ళు దిగగలరు. మడిచే మీట ఎక్కడుందో వాళ్ళకి తెలియదు. బయటికి పరుగెత్తాను. రాంబాబుగారు అప్పటికే ఇద్దర్నీ దింపారు. జాయ్‌ని ఎత్తుకుని కండువాతో మొహం తుడుస్తున్నారు. దీప్తి ఆయన చొక్కా పట్టుకుని వెక్కుతోంది.

"మీరు వెళ్ళండమ్మా. వీళ్ళని మీ వదినగారి దగ్గర దింపుతాను."

ఈసారి వెంటిలేటర్ దాకా రాలేదు. కానీ నాలుగు రోజులు ఐసీయూలో దాని అంచునే ఉన్నాం. ఎనిమిది, తొమ్మిది, మళ్ళీ ఎనిమిది. న్యూరాలజిస్టు చెప్పారు: "ట్రీట్‌మెంట్ రిలేటెడ్ ఫ్లక్చుయేషన్ అంటామండి. మొదటి మందు పని తగ్గుతున్నప్పుడు కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది. రెండో కోర్సు ఇస్తున్నాం. వెంటనే తీసుకురావడం మంచిదైంది." ఐదో రోజు పద్నాలుగు చెప్పింది. మావారు ఐసీయూ బయట గోడకి ఆనుకుని కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా చూడటం అదే మొదలు.

ఇంటికి వచ్చాక ఆయనే అన్నారు, "ఆ వ్యానే తీసుకుందాం సునీతా. పాపని కాపాడిన బండి." నాకూ మనసు అటే ఉంది. రాంబాబుగారికి ఫోన్ చేశాను.

ఆయన మెల్లగా అన్నారు. "అది వద్దమ్మా. పాప తల ఒరిగిపోవడం నేను అద్దంలో చూశాను. వెనక పిల్లల్ని దింపడానికి, బండి తెలిసినవాణ్ణి, నాకే చేతులు ఆడలేదు. వేరేవాళ్ళకి అమ్ముకుంటాను గానీ మీకు ఇవ్వలేను. కొంచెం ఆగండి, చూసిపెడతాను."

మూడు వారాల తర్వాత పిలిచారు. ఈ బండికి తలుపు పక్కకి జరగదు, కానీ బాగా వెడల్పుగా తెరుచుకుంటుంది. మధ్యలో రెండు విడి సీట్లు, వాటి మధ్య పిల్లలు నడిచే దారి. సీటు వెనక్కి వాలుతుంది, తల ఆనేది పైకి జరుగుతుంది. ఎత్తు మావారు అడిగినంత లేదు, నేను అడిగినంత తక్కువా కాదు. ఈసారి నేను తొందరపడలేదు. ఐదుగురం, కుర్చీతో సహా, మా చెరువుగట్టు మీదుగా ఏలూరు ఫిజియోథెరపీకి వెళ్ళి వచ్చాం. నేనొక్కదాన్నే కీర్తనని ఎక్కించి దింపాను. దీప్తిని, ఎవరి సాయం లేకుండా చెల్లితో కలిసి వెనకనుంచి మూడుసార్లు దిగమన్నాను, దిగింది. అప్పుడు సరే అన్నాం.

ఇప్పుడు కీర్తన పాదాలకి ఊతంగా స్ప్లింట్లు వేసుకుని నడుస్తోంది. స్కూల్‌కి వెళ్తోంది. సాయంత్రానికి కాళ్ళు అలసిపోతాయి, ఆటల పీరియడ్‌లో కూర్చుని చూస్తుంది, ఆ రోజుల్లో చిరాకుగా ఉంటుంది. పూర్తిగా ఎప్పటికి తగ్గుతుందో డాక్టర్లు చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను. చక్రాల కుర్చీ దూరప్రయాణాలకే బయటికి తీస్తున్నాం. దీప్తిని ఇప్పుడు ఎవరింట్లోనూ వదలడం లేదు. ఏలూరు వెళ్ళినా, తాడేపల్లిగూడెం వెళ్ళినా ఐదుగురం వెళ్తున్నాం.

మీ ఇంట్లోనూ కదలలేని బిడ్డ ఉండి బండి చూసుకుంటుంటే నేను చెప్పేది ఒక్కటే. ఖాళీ బండిని చూసి నచ్చిందనకండి. ఇంటిల్లిపాదీ ఎక్కి, మీరు రోజూ వెళ్ళే దారిలో గంటసేపు తిరగండి. ఆ తర్వాత బండి ఆపి, అందర్నీ ఒక్కసారిగా దిగమనండి. ఎవరు ఆఖర్న దిగారో, ఎందుకు ఆలస్యమైందో చూడండి.