పసుపు దీపం, ఒంటి చెవి

సారపాక దగ్గరి నర్సరీ నుంచి జామాయిల్ మొక్కలను తల్లాడ వైపు రైతులకు చేరవేయడం అప్పట్లో నా పని. పదేళ్లు పాత జీపు నడిపాక కొత్త పికప్ కొన్నాను. జీపు మొరాయిస్తే ఏం చేయాలో నాకు తెలుసు. డీజిల్ అందకపోతే పైపు విప్పి నోటితో పీల్చేవాణ్ణి. ఈ కొత్త ఇంజనులో డీజిల్ ఎప్పుడు చల్లాలో, ఎంత చల్లాలో అంతా కంప్యూటరే చూసుకుంటుందన్నారు. బానెట్ ఎత్తితే నాకు వైర్లు తప్ప ఇంకేమీ అర్థమయ్యేది కాదు.

రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు వానాకాలంలో, మొక్కలు నాటే పని జోరుగా ఉన్నప్పుడు, స్టీరింగు వెనక పసుపుపచ్చ దీపం వెలిగింది. ఇంజను బొమ్మలా ఉంటుందది. తోటి డ్రైవర్ని అడిగితే నవ్వాడు.

"గదేం కాదన్నా. పొగ లైటు. దాని మీద నల్లటేపు అంటించి నడుపు."

రెండు రోజులు అలాగే నడిపాను. మూడో రోజు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే బండికి ఊపిరి ఆడనట్టయింది. ఎంత తొక్కినా వేగం లేదు. ఖమ్మం షోరూముకు ఫోన్ చేస్తే వారం దాకా కుదరదన్నారు. ట్రేలలో మొక్కలు వారం ఆగవు. ఎలాగో మెల్లగా వెళ్లి లోడు దించి, ఖాళీ బండితో తిరిగి వస్తూ పాల్వంచలో నా జీపును ఎన్నో ఏళ్లు బాగుచేసిన చాచా షెడ్డు ముందు ఆపాను.

చాచాకు అరవై దాటాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ముప్పై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడితే చెవి పోక ఏమవుతుందనేవాడు. ఆయనతో మాట్లాడాలంటే కుడి పక్కకు వెళ్లాలి. కంప్యూటరు బండి ఆయనకేం తెలుస్తుందిలే అనుకుంటూనే చెప్పాను. ఆయన ముందు నల్లటేపు పీకేశాడు.

"బండి నోరు మూసినవా బేటా? చెప్పనీ దాన్ని."

స్టీరింగు కింద చెయ్యి పెట్టి ఒక ప్లగ్గు వెతికాడు. అందులో రెండు పిన్నులను చిన్న తీగతో కలిపి తాళం తిప్పమన్నాడు. పసుపు దీపం మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు వెలిగి ఆగింది. మళ్లీ కొన్నిసార్లు వెలిగింది.

"లెక్కపెట్టు," అన్నాడు చాచా. "అదే నంబరు."

నేను లెక్కపెట్టాను. గోడకున్న డబ్బాలోంచి ఆ నంబర్ల అర్థాలున్న జిరాక్సు కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు, నేను చదివాను. ఇంజను వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకే పంపే వాల్వు ఒకటుంది. అది సరిగ్గా తెరుచుకోవడం లేదు. రెండేళ్లుగా నేను నడుపుతున్న ఇనుప వస్తువు, తనకెక్కడ నొప్పో తానే చెబుతోంది!

"పొగ మళ్లీ లోపలికెందుకు చాచా?"

"బయటికి పోయే విషం తగ్గాలని. మనం పీల్చే గాలి కోసం అది తన పొగ తానే మింగుతది. చానామంది ఆ దారికి రేకు ముక్క అడ్డం పెట్టి మూసేస్తరు. నేను పెట్ట."

వాల్వు విప్పితే లోపల మసి కాటుకలా పేరుకుని ఉంది. డీజిల్లో ముంచి, పళ్ల బ్రష్షుతో రుద్ది బిగించాడు. మూడుసార్లు ఇంజను ఆపి నడిపేసరికి దీపం ఆరింది. సంతోషంగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఉదయం లోడుతో పాల్వంచ చేరకముందే మళ్లీ వెలిగింది. నేరుగా షెడ్డుకే పోయాను. చాచాకు కోపం రాలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి కాసేపు ఆలోచించాడు.

"ఖాళీ ఉన్నప్పుడు వెలగలే. బరువు పడ్డంకనే వెలిగింది. అంటే వాల్వు కాదు. దాన్ని తెరిచే గాలిపైపు ఏడనో లీకైతున్నది. ఈడ వినపడదు బేటా. ములకలపల్లి దారి పట్టు."

రోడ్డు మీద బొగ్గు లారీలు ఆగకుండా పోతున్నాయి. ఆ మోతలో రెండు చెవులున్న నాకే మాట వినపడటం లేదు. ఆయన రెండు పానాలు, ఒక మూరెడు రబ్బరు గొట్టం పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

అడవిలో నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఆపమన్నాడు. రెండువైపులా టేకు చెట్లు. తడి మట్టి వాసన. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాడు. గొట్టం ఒక కొసను కుడి చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజను మీద మెల్లగా తిప్పుతున్నాడు, దవాఖానాలో డాక్టరు రోగి ఛాతీ చూసినట్టు.

"బ్రేకు గట్టిగా తొక్కు. గేరులో పెట్టి క్లచ్చి జరంత వదులు. బరువు మోస్తున్న అనుకోవాలె అది."

వదిలాను. ఇంజను వణికి ఒక పక్కకు ఒరిగింది. చాచా చెయ్యి ఆగిపోయింది. కళ్లు మూసుకున్నాడు.

"మళ్లొకసారి."

మళ్లీ వదిలాను. ఆయన మొహం విప్పారింది. "రా, విను," అన్నాడు.

న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగాను. ఆయన వేలంత సన్నని రబ్బరు పైపును ఒక పక్కకు వంచి, గొట్టం నా చెవిలో పెట్టాడు. ముందు ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఆ మోత అడుగున, పంటి సందులోంచి గాలి పీల్చినట్టు సన్నని చప్పుడు. పైపు కొసన, క్లిప్పు రాపిడికి వెంట్రుకంత చీలిక. ఇంజను ఒరిగినప్పుడే నోరు తెరుస్తోంది. చాచా దాని మీద బొటనవేలు అదిమాడు. చప్పుడు ఆగింది. ఇంజను గొంతు మారింది. కంప్యూటరు మమ్మల్ని వాల్వు దాకా తీసుకొచ్చింది. అక్కడి నుంచి ఈ చీలిక దాకా తీసుకొచ్చింది ఆయనకు మిగిలిన ఒక్క చెవి.

పైపుకు పొడవు సరిపోను ఉంది. చీలిన అంగుళం కోసేసి మళ్లీ తొడిగాడు. "దీపం ఇప్పుడే ఆరదు. మూడుసార్లు ఆపి నడుపు, అదే పోతది," అన్నాడు. దారిలోని వాగు నీళ్లు చేతులతో ట్రేల మీద చల్లుకుని, ఆయన్ను షెడ్డు దగ్గర దించడానికి వెనక్కి తిప్పాను. చాచా సీటుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ముందు కుడి చక్రం బేరింగు పోతున్నది బేటా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఇప్పుడే తొందరేం లేదు. నెల తిరిగేలోపు రా."

నేనెంత చెవి పెట్టినా ఏమీ వినపడలేదు. ఆ మధ్యాహ్నం తల్లాడలో మొక్కలు దించేసరికి దీపం ఆరిపోయి ఉంది. నెల తిరగకుండానే వెళ్లి చక్రం విప్పించాను. బేరింగు గుండ్లలో ఒకదానికి బియ్యపుగింజంత పెచ్చు ఊడి ఉంది. చాచా దాన్ని నా అరచేతిలో పెట్టి, చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు.