అక్క పాలలో పురుగుమందు

మా పెద్దక్క మొన్న ఆదివారం నర్సీపట్నంలో పోయింది. పొద్దున్నే టీ తాగి, కుర్చీలో వెనక్కి వాలిందట, మళ్లీ లేవలేదు. తలకొరివి మా తమ్ముడు పెట్టాడు. ఆవిడకి పిల్లల్లేరు కదా అని శ్మశానం దగ్గర ఎవరో అన్నారు. ఒక ఆడపిల్ల ఉండేది. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో అక్క బి.ఎస్సీ. ముగించి ఒక సర్వేలో చేరింది. దోమలకని ఇళ్ల గోడలకు కొట్టిన డి.డి.టి., చేలల్లో చల్లిన గమాక్సిన్ తిండి ద్వారా, నీటి ద్వారా జనం ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో తేల్చే సర్వే. నాతవరం, రోలుగుంట వైపు ఊళ్లకు బస్సులో వెళ్లి, ఇంటింటా వాళ్లు తినే భోజనం, బావి నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చేది. ఇంటికి వచ్చిన మనిషని ఆడవాళ్లు పప్పు, అప్పడాలు వండి పెట్టేవారు.

"సుట్టానికి పెట్టే కంచం నాకొద్దమ్మా. మీరు తినే కంచం ఇవ్వండి," అనేది అక్క. గంజన్నం బయటికి వచ్చేదాకా కదిలేది కాదు.

తర్వాత తల్లుల పాలు కూడా కావాలన్నారు. ఆడవాళ్లు సిగ్గుపడ్డారు. అప్పటికి అక్కకు చంటిపిల్ల. వాళ్ల ఎదుటే తన పాలు సీసాలోకి పిండి, "నేనిచ్చీసేను. ఇంక మీకేటి సిగ్గు?" అంది. అందరూ ఇచ్చారు.

కొన్ని వారాల తర్వాత విశాఖ నుంచి సర్వే డాక్టరు గారు యలమంచిలి దగ్గర అక్క అత్తవారింటికి వచ్చారు; పిల్లను చూసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను. వరండాలో కాఫీ తాగుతూ, "అందరికంటే మీ పాలలోనే మందు ఎక్కువగా ఉందమ్మా," అని చెప్పి జీపెక్కేశారు. ఏం చెయ్యాలో చెప్పలేదు.

తలుపు వెనక నుంచి అత్తగారు విన్నది.

"ఏటే, నా మనవరాలికి ఇసం తాగిస్తన్నావా? దింపు దాన్ని!"

"పాలు మాన్పమని ఆయన సెప్పలేదత్తా."

ఎవరూ వినలేదు. బావ ఆ సాయంత్రమే యలమంచిలి వెళ్లి పాలడబ్బా తెచ్చాడు. పిల్లను ఒక గదిలో, అక్కను ఇంకో గదిలో ఉంచారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా అక్క జాకెట్టు తడిసిపోయేది. వానాకాలం, బావి నీళ్లు బురదగా ఉండేవి. ఆ నీళ్లతో కలిపిన డబ్బాపాలకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. ఆస్పత్రికి చేరేలోపే అక్క ఒళ్లో పోయింది.

ఆ వారంలోనే జీపు మళ్లీ వచ్చింది. అక్క పాల లెక్క మరోసారి సరిచూడాలట. అక్క లోపలికి వెళ్లి సీసా నింపి తెచ్చి ఇచ్చింది. ఎవరూ తాగని పాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"పాప ఎలా ఉంది?" అని డాక్టరు గారు అడిగారు. జరిగిందంతా నేను చెప్పాను.

"ఎందుకు మాన్పించారమ్మా? ఎంత మందున్నా తల్లిపాలే మేలు. మానమని నేను అనలేదే!"

"తాగించమనీ అనలేదండీ," అంది అక్క. అప్పటిదాకా ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, ఆ రోజు కూడా.

అత్తగారు మాత్రం తల్లి పాలే పిల్లను చంపాయని ఊరంతా చెప్పింది. కబురు నాతవరం దాకా పాకింది. కొందరు తల్లులు పిల్లలకు పాలు మాన్పేశారు. అది విని అక్క మళ్లీ బస్సెక్కింది. సర్వే అయిపోయాక కూడా, ఎనభైల్లో చాలాకాలం, ఆదివారాలు ఆ ఊళ్లకు వెళ్లేది. బిడ్డను పోగొట్టుకున్న మనిషని బాలింతలున్న ఇళ్లలోకి ఆమెను రానిచ్చేవారు కాదు. వీధిలోనే నిలబడి, "పాలు మానకమ్మా, తాగించు," అని కేకేసేది. లోపల పసిబిడ్డ ఏడుపు ఆగేదాకా ఆ ఎండలోనే ఉండేది.