రమ్ము సీసాలో కందులు

ఇస్మె కఫీకి అనుమానం పుట్టిందంటే ఒక పట్టాన వదలదు. కొన్న చేప ఎవరి వలలో పడిందో తెలిసేదాకా పొయ్యి మీద పెట్టదు. నా పడవ సెయింట్ విన్సెంట్ దీవి రేవులో ఆగడమే తడవు, గట్టు మీద ప్రత్యక్షమయ్యేది. మూడేళ్ళుగా ఒకటే ప్రశ్న.

"కెప్టెనూ, నా సీసా ఎవరిదో తేలిందా?"

మూడేళ్ళ కిందట అక్కడి సూఫ్రియే అగ్నిపర్వతం పేలినప్పుడు ఆవిడ పొలం మోకాలి లోతు బూడిదలో కూరుకుపోయింది. కరియకూ దీవి వాళ్ళం డ్రమ్ముల్లో మంచినీళ్ళు, దుప్పట్లు, బిస్కెట్లు సర్ది నా పడవలోనే పంపాం. ఇస్మెకి దక్కిన డ్రమ్ము అడుగున ఒక రమ్ము సీసా, దాని నిండా ఎర్ర చారల కందులు. మూతికి మొక్కజొన్న కండె బిరడా. మా దీవుల్లో వండుకునే కందులు డబ్బాలో ఉంటాయి. సీసాలో పోసి కండె బిగించారంటే అవి విత్తనాలు.

"కడుపు కాలుతున్నవాళ్ళకి విత్తనాలు పంపాలని ఎవరికి తోచింది? ఎంత ముందుచూపో ఆ మహాతల్లికి!" అనేది ఇస్మె. బూడిద తవ్విపోసి నాటింది. విరగకాశాయి.

"వందల డ్రమ్ములు మోశాను టాంటీ. అన్ని సీసాలూ ఎక్కడ గుర్తుంటాయి?" అని విసుక్కునేవాణ్ణి. మా దీవుల్లో పెద్దావిడ ఎవరైనా టాంటీయే, అంటే అత్తే.

"నీకు గుర్తుండేది రమ్మున్న సీసాలేలే."

ఈ జూలైలో తుఫాను మా కరియకూని ఊడ్చిపెట్టేసింది. ఇళ్ళతో పాటే విత్తనాలూ పోయాయి. ఆగస్టు దాటితే కంది వేసి లాభం లేదు. వారం తిరక్కుండా ఇస్మె చేమదుంపలు, అరటిగెలలు నా పడవకెక్కించి, తనూ ఎక్కేసింది. ఒళ్ళో అదే సీసా, కొత్త పంట గింజలతో.

"ఎవరివో నేనే కనుక్కుంటా. వాళ్ళ చేతిలోనే పెడతా."

దిగిందగ్గర్నుంచి టార్పాలిన్ గుడారాలన్నీ తిరిగి సీసా చూపించింది. అందరూ తలలు అడ్డంగా ఊపారు. చివరికి కొండ మీద తెక్లా ఈనో ఇంటికెళ్ళాం. ఇల్లంటే గోడల్లేని గచ్చు. ఎనభై ఏళ్ళ తెక్లా మూడు రాళ్ళ పొయ్యి మీద ఏదో కలుపుతోంది. సీసా చూడగానే గరిటెతో లేచింది.

"నా సీసా! దొరికిందిరా దొంగ!"

ఇస్మె బిత్తరపోయింది. "దొంగేంటమ్మా? నువ్వు పంపిందేగా?"

"నేనెందుకు పంపుతానే? మా అమ్మమ్మ నాటి విత్తనం అది! వానల కోసం ఊరంతా వండుకుతినే రోజున, దీవించమని, పోయిన పెద్దలకి పెట్టే పళ్ళెం పక్కన పెట్టా. వెనక్కి తిరిగి చూస్తే లేదు. మూడేళ్ళుగా ఊళ్ళో ఒక్కిల్లు వదలకుండా తిడుతున్నా!"

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పెద్దల పళ్ళెం పెట్టిన బల్ల మీదే సాయం సామానూ పోగేశారు. పడవ కదిలే పోటు దాటిపోతోందని చేతికందినవన్నీ డ్రమ్ములో కుక్కి మూత బిగించింది నేనే.

"టాంటీ, ఆ పని చేసింది నేనే" అన్నాను.

గరిటె పైకి లేచింది.

"ఆ సీసా ఇక్కడే ఉంటే ఈపాటికి ఏమయ్యేదమ్మా?" అంది ఇస్మె మెల్లగా.

తెక్లా ఒకప్పుడు అల్మారా ఉన్న మూలకేసి చూసింది. అక్కడ ఇప్పుడు సముద్రం కనిపిస్తోంది. గరిటె కింద పెట్టి, బిరడా లాగి, గింజలు అరచేతిలో పోసుకుంది. వాసన చూసి బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి తెక్లా ముక్కు చీది, "తిన్నావా వీటిని?" అని అడిగింది.

"కొబ్బరిపాలల్లో వండుకు తిన్నా. మా కందులు వీటి ముందు దిగదుడుపే."

"మరేమనుకున్నావ్!"

ఆ సాయంత్రం ముగ్గురం సగం గింజలు నాటాం. మిగతా సగం తెక్లా మళ్ళీ సీసాలో పోసి ఇస్మెకి ఇచ్చింది.

"నీ దగ్గరే ఉంచు. నీ కొండ మండినా, నా మీదికి గాలొచ్చినా, ఒకళ్ళింట్లోనైనా ఉంటాయి." నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం ముట్టుకోకు" అంది.

మర్నాడు పడవ రేవు దాటిందో లేదో, ఇస్మె నా భుజం పట్టుకు కుదిపేసింది.

"వాళ్ళ అమ్మమ్మకి ఇవి ఎవరిచ్చారో అడగనేలేదు! తిప్పు వెనక్కి!"

చుక్కాని తిప్పాను.