‘హింస’ గడిలో పడ్డ పీరు బొమ్మ

తెలంగాణ వచ్చిన మూడో యేడు, పాలమూరులో ఒక దవాఖాన మానసిక వార్డు. మక్తల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్మయ్య ఇంటికి పోవడానికి బట్టలు సర్దుకుని కూర్చున్న పూట, డ్యూటీ డాక్టరు అతని డిశ్చార్జి ఆపేశాడు. కారణం కుర్మయ్య గీసిన ఒక బొమ్మ. కట్టెల మీద నిలబెట్టిన చేతులు, నడిమి చేతి మణికట్టు నుంచి కిందికి దిగిన ఎరుపు, పక్కన మంట, దాని చుట్టూ మనుషులు.

విలేకరి పని మానుకున్నాక నేను ఆ వార్డులో ఒక అధ్యయనానికి పనిచేసేవాణ్ని. రోగులు గీసే బొమ్మలను బట్టి వాళ్ల జబ్బు గురించి ఏమైనా తెలుస్తుందా అన్నది అందులోని ప్రశ్న. పద్ధతి పేరు బ్లైండ్ రేటింగ్. బొమ్మ మీద పేరు, ఊరు, జబ్బు ఏవీ ఉండవు, నంబరు మాత్రమే. వేరే రాష్ట్రంలోని ఇద్దరు నిపుణులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేస్తారు. బొమ్మ గురించి రోగిని ఏమీ అడగకూడదు. అడిగితే తరువాతి బొమ్మలు మా ప్రశ్నలకు జవాబులుగా గీస్తారని అనుమానం.

ఈ బొమ్మకు ఇద్దరూ ‘హింస’ గడిలో పెద్ద మార్కులే వేశారు. ఇద్దరివీ కలిశాయంటే నమ్మవచ్చని లెక్క. ఆ మార్కులు వైద్యానికి వాడకూడదు, కాని పేర్లను నంబర్లతో కలిపే కాగితంతో పాటు డ్యూటీ డాక్టరు కంట పడ్డాయి. అతను ఈ ప్రాంతానికి కొత్త. ఇంటికి పోయి చెయ్యి కోసుకుంటాడేమోనని అతని భయం.

నాకు చూడగానే తెలిసింది. అయితే నాకు తెలిసింది లెక్కలోకి రాదు, గీసినవాడి మాట కావాలి. అతను ఇక గీసే బొమ్మలు లేవు కనుక అడిగాను.

“ఈ చేతులు ఎవరివి కుర్మయ్యా?”

“చేతులేంది సారూ, పీర్లు. నడుమున్నది మా ఇంటోళ్లు ఎత్తే పీరు. మా నాయిన ఎత్తిండు, ఆయన తర్వాత నేను.”

“మంట?”

“అలావ. పీర్ల పండుగకు దాని సుట్టే గద ఆడేది. ఏ ఊర్ల పుట్టినవ్ సారూ నువ్వు?”

అతని భార్య బాలమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పింది. “పీర్లు లేసే యాళ్లకు ఈయన లేకుంటే ఇంకోలకిస్తరు సార్. పిచ్చోడైండని ఊర్లె ఇప్పటికే అంటున్నరు. గీసారి గూడ పోకుంటే ఇగ నిజమే అనుకుంటరు.”

అధ్యయనం నడిపే డాక్టరమ్మకు చెప్పాను. “ఇంటికి పోవాలనుకునే మనిషి బొమ్మకు మంచి అర్థమే చెప్తాడు కదండీ,” అన్నారు ఆమె. పత్రికలో మేమూ ఒక్కరి మాట మీద వార్త రాసేవాళ్లం కాదు. ఊళ్లో పీర్లను చూసుకునే ముజావర్‌కు బాలమణి చేత ఫోన్ చేయించారు. బొమ్మ ఊసు ఎత్తకుండా, కుర్మయ్య ఎత్తే పీరు ఎట్లా ఉంటుందని మాత్రం అడిగారు.

“వెండి పంజా మేడం. ఎర్ర దట్టి కడ్తం, కిందిదాంక ఏలాడుతది. కుర్మయ్యను జర జల్ది తోలుండ్రి, ఈడ నాకు ఫికరైతాంది.”

పంజా అంటే మొహర్రంలో పీరుగా ఎత్తే చెయ్యి ఆకారం, దట్టి అంటే దానికి కట్టే గుడ్డ. నిపుణులిద్దరికీ ఆ గుడ్డ నెత్తురుగా కనిపించింది. డాక్టరమ్మ కుర్మయ్యతో మరోసారి మాట్లాడి, మందులు రాసి, సాయంత్రం బస్సుకు పంపేశారు. ఆ యేడు పీరు అతనే ఎత్తాడని తరువాత బాలమణి ఫోన్‌లో చెప్పింది.

ఇద్దరి అంచనా కలవడమూ, ఆ అంచనా నిజం కావడమూ వేరువేరని నాకు అప్పుడు తెలిసింది. ఆ తరువాత బొమ్మ పూర్తయిన రోజే గీసినవాళ్ల మాట కూడా తీసుకునేవాళ్లం. పాత మార్కులను మాత్రం మార్చలేదు. కథ తెలిసిన ఒక్క బొమ్మను దిద్ది మిగతావి వదిలేస్తే లెక్క ఇంకా చెడుతుందన్నారు. మిగతావి గీసినవాళ్లలో చాలామంది అప్పటికే ఇళ్లకు పోయారు. వాళ్లు పోగానే వాళ్ల పేర్లను నంబర్లతో కలిపే కాగితాలను నియమం ప్రకారం చించేశాం. ‘హింస’ గడిలో ఇంకా ఏమేం పడి ఉన్నాయో ఎవరిని అడగాలో మాకు తెలియదు.