ఆ నాలుగు మాటల్లో లేనిది

విజయవాడలో ఒక లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెబుతుండేవాణ్ని. జాతి నిర్మూలన పాఠం రోజున బోర్డు మీద నాలుగు మాటలు రాశాను: జాతీయత, తెగ, జాతి, మతం. ఈ నాలుగింటిలో దేన్నిబట్టి ఏర్పడిన సమూహాన్నయినా, పూర్తిగానో కొంతమేరో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువైతేనే ఆ నేరం అవుతుందని చెప్పాను.

వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. నలభై దాటాయి, టీచరు పని మానేసి లా చదువుతోంది.

"కులం లేదాండీ ఇందులో?"

"లేదమ్మా."

క్లాసయ్యాక స్టాఫ్ రూముకొచ్చింది. ఆవిడకి పన్నెండేళ్లప్పుడు ఊళ్లోవాళ్లు కత్తులతో వాళ్ల పేట మీద పడ్డారట. తల్లి ఆవిణ్ని చెరకు తోటలో దాచింది. తండ్రి గట్టు మీద దొరికిపోయాడు.

"పేరు కూడా అడగలేదు సార్. ఏ పేటోడివిరా అన్నారు, అంతే. ఇది ఉద్దేశం కాదాండీ?"

నేను టీ తాగుతూనే జవాబిచ్చాను. "అది హత్య కిందికొస్తుందమ్మా. మన చట్టాల్లో వేరే సెక్షన్లున్నాయి." ఆవిడ నోట్సులో రాసుకుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ గ్లాసు కింద పెట్టి చెప్పి ఉండాల్సింది.

ఆ ఏడే గన్నవరం దగ్గరి కాలేజీలో మూట్ కోర్టు పోటీ జరిగింది. కల్పిత కేసు. ఏదో దేశంలో సైన్యం ఒక తెగవాళ్ల ఊళ్లు తగలబెట్టింది, అది జాతి నిర్మూలనా కాదా అని వాదించాలి. మా కాలేజీ తరఫున వాదించాల్సింది ఆవిడే. చీటీల్లో మాకు సైన్యం తరఫు వచ్చింది.

"వేరేవాళ్లని పంపుతానమ్మా" అన్నాను.

"వద్దు సార్. ఎలా తప్పించుకుంటారో నేనూ తెలుసుకోవాలి కదండీ."

గొంతు వణకకుండా వాదించింది. చంపిన మాట నిజమే, అయితే భూమి కోసం చంపారు, ఆ తెగనే లేకుండా చేయాలన్న ఉద్దేశానికి రుజువు లేదంది. జడ్జీలు అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చింది. మొదటి బహుమతి మాకే వచ్చింది. మిగతా పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆవిడ బాత్రూములోకి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. తల్లి ఫోన్ చేసింది.

"ఆఁ, గెలిచామే అమ్మా."

అవతల నుంచి ఏదో అడిగినట్టుంది. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"ఏం లేదులే. ఎక్కడో పరాయి దేశం గొడవ" అంది.