నిమ్మకాయలు కోయడానికా ఎడమకాలు నేర్చుకున్నాడు?

సాయంత్రం దీపం పెట్టినా మనసు దేవుడి మీద నిలవలేదు. ఎడమకాలితో ఆడలేడని ఫుట్‌బాల్ టీము కెప్టెన్ అన్నాడని, మా పెద్దాడు రోజూ డ్యూటీ దిగాక పెరటి గోడకు ఎడమకాలితోనే బంతి కొట్టి నేర్చుకున్నాడు. ఈ రోజు బాగ్‌బేరా మైదానంలో లీగ్ మ్యాచ్. వాడి జెర్సీ విప్పించి వాళ్ల ఆఫీసు సాహెబు బావమరిదికి తొడిగి, వాణ్ణి హాఫ్‌టైమ్‌కి ఆటగాళ్ల కోసం నిమ్మకాయలు కోయమన్నారు.

ఎప్పటిలాగే ఉతకడానికి జెర్సీల మూట తెచ్చాడు కెప్టెన్.

“ఇదేటి నాయనా?” అన్నాను.

“ఏటి సేత్తాం పిన్నీ, బాల్ కొనేది సాబే గదా! మీవోడు నిమ్మకాయలు బాగానే కోసాడులే,” అని నవ్వాడు.

మూట అందుకున్నాను.

రేపు పొద్దున్నే మళ్లీ మ్యాచ్. మావాడి జెర్సీ ఒక్కటే ఉతికి ఆరేశాను. మిగతావన్నీ బకెట్లో నానుతున్నాయి. నాననీ. తప్పంటారా?